నీడకర్ర, వాన సీసా: శ్రీకాకుళంలో ఐదో తరగతి ఈ టెర్ము చిట్టా

భిన్నాలు, దశాంశాలు, కోణాలు, గంటలు నిమిషాల లెక్కలు, వైశాల్యం. ఐదో తరగతి పిల్లలకు ఈ టెర్ములో పట్టుబడాల్సినవి ఇవి. వీటన్నిటికీ బడి ఆవరణలో రెండే వస్తువులు పెట్టాం: ఒక నీడకర్ర, ఒక వాన సీసా. శ్రీకాకుళం, విజయనగరం చుట్టుపక్కల ఏ బడిలో పెట్టినా నీడ అంకెలు ఒక సెంటీమీటరు అటూ ఇటూగా ఇవే వస్తాయి.

కర్ర అమరిక
సిమెంటు బకెట్లో కంకర, ఇసుక కూరి కర్ర నిలబెట్టాం. చివర పదునుగా చెక్కితే పని జరగదు. సూర్యుడు చుక్క కాదు, బిళ్ల. అందువల్ల మీటరు ఎత్తు నుంచి పడే నీడ కొస మసకబారిపోతుంది, ఇద్దరు పిల్లలు కొలిస్తే రెండు అంకెలు వస్తాయి. దానికి విరుగుడు: కర్ర తలమీద అట్టముక్కను పడుకోబెట్టి మేకు కొట్టి, ఉత్తరం వైపుకు చాచిన భాగంలో 5 మి.మీ. బెజ్జం పెట్టాలి. అట్ట నీడలో ఒక వెలుగు బొట్టు కనబడుతుంది, దాని నడిమధ్యన సుద్దతో గుర్తు పెట్టాలి. బెజ్జం ఎత్తు నేల నుంచి సరిగ్గా 100 సెం.మీ. ఉండాలి. అప్పుడు నీడ 54 సెం.మీ. అయితే కర్రలో 0.54 వంతు అని పిల్లలు నేరుగా చెప్పేస్తారు.

ఎక్కువమంది తప్పేది ఒకచోట. నీడను కర్ర మొదలు నుంచి కొలుస్తారు. బెజ్జంలోంచి పురికొసకు రాయి కట్టి వదిలితే అది తాకిన చోటే సున్నా. నేల మట్టంగా ఉందో లేదో చెంబుడు నీళ్లు పోసి చూడాలి. మీటరుకు 2 సెం.మీ. వాలున్నా డిసెంబరు నీడ ఒకటిన్నర సెంటీమీటరు తప్పుతుంది.

సెప్టెంబరు 23
మధ్యాహ్నపు నీడ 33 సెం.మీ., అంటే కర్రలో దాదాపు మూడో వంతు. పగలూ రాత్రీ సమానమయ్యే రోజు, సూర్యుడు భూమధ్యరేఖకు నేరుగా పైన ఉంటాడు కాబట్టి ఈ అంకెకు విలువ ఎక్కువ. నోటుబుక్కులో 10 సెం.మీ. నిలువు గీత, దాని అడుగున 3.3 సెం.మీ. అడ్డగీత గీసి, కొసలు కలిపి, పైకోణం కోణమానినితో కొలిస్తే 18 డిగ్రీలు. గోడమీది పటంలో శ్రీకాకుళం ఉన్నది 18 డిగ్రీల అక్షాంశం దాటి కొంచెం పైన. మన ఊరు భూమధ్యరేఖకు ఎంత దూరమో ఒక కర్ర చెప్పింది. ఈ టెర్ము మొత్తంలో పిల్లలకు ఇంతకన్నా ముఖ్యమైన పాఠం లేదని మా నమ్మకం. కొందరికి 162 వచ్చింది, కోణమానిని మీది రెండో వరస చదివారు. "ఇది లంబకోణం కన్నా చిన్నదా పెద్దదా?" అని ముందే అడిగితే ఆ తప్పు రాదు.

అక్టోబరు 1
నీడ సుమారు 40 సెం.మీ. అరసవల్లి గుడిలో మూలవిరాట్టు పాదాలమీద సూర్యకిరణాలు పడే రోజులు అక్టోబరు మొదట్లోనూ, మార్చి 9, 10 ప్రాంతంలోనూ వస్తాయని ఇక్కడి పిల్లలందరికీ తెలుసు. ఆ రెండు వేళలా సూర్యుడు ఇంచుమించు ఒకే దారిన నడుస్తాడు. మార్చిలో మళ్లీ కొలిస్తే నీడ 40, 41 దగ్గరే ఉండాలి. ఆ గడి ఖాళీగా ఉంచాం.

అక్టోబరు 15
అసలు మిట్టమధ్యాహ్నం ఎప్పుడు? అతి పొట్టి నీడ కోసం కాచుకుంటే దొరకదు, ఎందుకంటే ఆ వేళ పది నిమిషాలపాటు నీడ పొడవు మారినట్టే ఉండదు. సున్నా చుక్క చుట్టూ పురికొసతో 95, 100, 105 సెం.మీ. వృత్తాలు గీయాలి. మూడెందుకంటే మబ్బు పట్టి ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. పొద్దున వెలుగు బొట్టు పెద్ద వృత్తాన్ని 9:08 ప్రాంతంలో దాటింది, మధ్యాహ్నం 2:12కి మళ్లీ తాకింది. మధ్యలో 5 గంటల 4 నిమిషాలు. సగం ఎంత? సగం తరగతి 2:52 అంది, 5.04ను రెండుతో భాగించి. గంటకు వంద నిమిషాలు కావు కదా. 5 గంటలను 4 గంటల 60 నిమిషాలుగా విడదీస్తే 4 గంటల 64 నిమిషాలు, సగం 2 గంటల 32. అంటే మిట్టమధ్యాహ్నం 11:40కి. ఆ రెండు గుర్తులనూ కలిపిన గీత సరిగ్గా తూర్పు పడమరలు చూపిస్తుంది.

పన్నెండు ఎందుకు కాలేదంటే, మన దేశపు గడియారం ఎనభై రెండున్నర డిగ్రీల రేఖాంశానిది, అది తుని దగ్గరగా పోతుంది. మనం దాదాపు 84 దగ్గర ఉన్నాం. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సుమారు 6 నిమిషాలు ముందు. ఇంతవరకు పిల్లలు తామే లెక్క కడతారు. మిగతా 14 నిమిషాలు భూమి ఒరిగి ఉండటం వల్లా, దాని దారి గుండ్రంగా లేకపోవడం వల్లా వచ్చేవి. ఆ వివరం హైస్కూల్లో నేర్చుకోవచ్చు.

వాన సీసా
రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా మెడ దగ్గర కోసి, కోసిన ముక్కను గరాటులా బోర్లించాలి. నిట్రగా ఉన్న సీసానే ఎంచుకోవాలి, నడుము నొక్కినట్టున్నవి పనికిరావు. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, నిట్రభాగం మొదలయ్యేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా పెట్టాలి. ఎండకు ఆ నీళ్లు తగ్గితే వాన తక్కువ చూపిస్తుంది, రోజూ సున్నాదాకా నింపాలి. నేల చిందులు పడకుండా అంచు 30 సెం.మీ. ఎత్తున ఉండాలి. చెట్టుకు, గోడకు దూరంగా పెట్టాలి. వాతావరణ శాఖ లాగే పొద్దున 8:30కి చదువుతాం.

ఒక జట్టు 6 సెం.మీ. గొట్టానికి 12 సెం.మీ. గరాటు పెట్టి, వచ్చిన అంకెను రెండుతో భాగించింది. భాగించాల్సింది నాలుగుతో. వెడల్పు రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలు. గళ్ల కాగితంమీద రెండు చతురస్రాలు గీయించాకే ఒప్పుకున్నారు.

చదరపు మీటరుమీద 1 మి.మీ. వాన అంటే 1 లీటరు. 8 మీటర్లు, 6 మీటర్ల గది డాబామీద 35 మి.మీ. కురిస్తే 48 × 35 = 1,680 లీటర్లు. సీసాలో కొలతకు దొరికేది 150 మి.మీ. లోపే. 24 గంటల్లో 64.5 మి.మీ. నుంచి భారీ వర్షం అంటారు, 204.4 దాటితే అతి తీవ్ర భారీ. అంటే తుపాను రోజున సీసా పొంగిపోవచ్చు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటిన జిల్లా ఇది. హెచ్చరిక వస్తే సాయంత్రమూ చదివి ఖాళీ చేసి, రెండు అంకెలూ కూడాలి. బడికి సెలవిస్తే ఆ గడిలో "చదవలేదు" అని రాయాలి. సున్నా వేయకూడదు.

డిసెంబరు 21
నవంబరు 20న 78 ఉన్న నీడ ఇప్పుడు 89 సెం.మీ. ఏడాదిలో ఇదే పెద్దది. ఇక తగ్గుతుంది. జూలై 30, 31 తేదీల్లో మధ్యాహ్నం 12 దాటగానే సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, వెలుగు బొట్టు సున్నా చుక్కమీదే పడాలి. అప్పటికి వీళ్లు ఆరో తరగతిలో ఉంటారు, అందుకే సున్నా చుక్కను, 33, 89 గీతలను పెయింటుతో వేయించి, బెజ్జం ఎత్తు పక్కనే రాయించాం.