బెండింగ్ స్ట్రెస్ లెక్క: ఏ వైపు సాగుతుందో ముందు చూడండి

ఏఈఈ ఉద్యోగ పరీక్షకో గేట్‌కో చదువుతున్న మిత్రులారా, ‘ఎం బై ఐ, ఎఫ్ బై వై, ఈ బై ఆర్’ నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తాం. ఎం వంచే మూమెంట్, ఐ సెక్షన్ ఆకారాన్ని బట్టి వచ్చే మూమెంట్ ఆఫ్ ఇనర్షియా, ఎఫ్ స్ట్రెస్, ఈ యంగ్స్ మాడ్యులస్, ఆర్ వంపు వ్యాసార్థం. అయినా ఆ లెక్కలో మార్కులు పోతూనే ఉంటాయి. ఎక్కువసార్లు పోయేది ‘వై’ దగ్గర, అంటే న్యూట్రల్ యాక్సిస్ (సాగుడూ నొక్కుడూ లేని గీత) నుంచి అంచుకు ఉన్న దూరం దగ్గర.

అందుకే అంకెలు ముట్టుకునే ముందు బీమ్ ఎలా వంగుతుందో బొమ్మ గీసి, సాగే అంచు మీద మందంగా ఒక గీత పెట్టండి. రెండు చివర్లా ఆనిన బీమ్‌కు సాగేది కింది అంచు, సజ్జకు పై అంచు. నల్లగొండలోనో పాలమూరులోనో ఇల్లు కడుతున్న చోట కాసేపు నిలబడితే ఇది కళ్లారా కనిపిస్తుంది. రెండు గోడల మీద ఆనే స్లాబుకు మెయిన్ రాడ్లు అడుగున కవర్ బిళ్లల మీద ఉంటాయి, సజ్జకు పైన ఉంటాయి. కాంక్రీటు పోసేటప్పుడు సజ్జ రాడ్లను తొక్కి కిందికి దించేస్తే, సెంట్రింగ్ విప్పాక గోడ మొదట్లో పై వైపు పగులుతుంది. రాడ్ల లెక్క సరిగ్గానే ఉంటుంది, అవి సాగే చోట లేవు, అంతే.

ఇప్పుడు టీ సెక్షన్. దీని మీద ఒక సాయంత్రం మొత్తం పెట్టినా తప్పు లేదు. పైన ఫ్లాంజ్ (అడ్డం ముక్క) 100 × 20 మి.మీ., కింద వెబ్ (నిలువు ముక్క) 20 × 100 మి.మీ. అనుకుందాం. రెండింటి వైశాల్యమూ 2000 మి.మీ.². అడుగు నుంచి వెబ్ కేంద్రం 50, ఫ్లాంజ్ కేంద్రం 110 మి.మీ. ఎత్తులో ఉన్నాయి కాబట్టి న్యూట్రల్ యాక్సిస్ 80 దగ్గర పడుతుంది. మొత్తం ఎత్తు 120లో సగమని 60 వేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. రెండు ముక్కలూ యాక్సిస్‌కు 30 మి.మీ. దూరంలో ఉన్నాయి. సొంత ఐలు 0.067, 1.667, దూరం వల్ల వచ్చేవి 1.8, 1.8, అన్నీ కలిపితే 5.333 × 10⁶ మి.మీ.⁴.

మూమెంట్ 4 కిలోన్యూటన్ మీటర్లు, బీమ్ రెండు చివర్లా ఆనింది. అడుగున టెన్షన్ = 4 × 10⁶ × 80 ÷ 5.333 × 10⁶ = 60 న్యూటన్లు/మి.మీ.². పైన కంప్రెషన్ 30 మాత్రమే. ఇదే సెక్షన్‌ను ఇలాగే ఉంచి కాంటిలీవర్ (సజ్జలా ఒక చివరే బిగించింది) చేస్తే, అంతే మూమెంట్‌కు టెన్షన్ పైకి మారి 30 అవుతుంది. ప్రశ్నలో ‘కాస్ట్ ఐరన్’ అని కనిపిస్తే ఈ తేడా ప్రాణం లాంటిది. అది నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, సాగుడును ఓర్చుకోదు. కాబట్టి ఆనించిన బీమ్‌లో ఫ్లాంజ్‌ను కిందికి తిప్పాలి.

జవాబు సరిచూసుకునే దారి కూడా ఉంది: యాక్సిస్ కింది బలం, పై బలం సమానంగా రావాలి. కింద ½ × 60 × 80 × 20 = 48,000 న్యూటన్లు. పైన ఫ్లాంజ్‌లో సగటు 22.5 × 2000 = 45,000, మిగిలిన వెబ్ ముక్కలో 7.5 × 400 = 3,000. కలిపితే 48,000. ఇంట్లో చేసే ప్రతి లెక్కకూ ఇది చేయండి. యాక్సిస్ తప్పితే ఇక్కడ వెంటనే దొరికిపోతుంది.

హాలో (లోపల బోలుగా ఉన్న) సెక్షన్‌లో తీసివేయాల్సింది ఐలను, జెడ్‌లను (ఐ బై వై) తీసివేయకూడదు. బయట 100 × 200, లోపల 60 × 160 మి.మీ. అయితే అసలు జెడ్ సుమారు 4.62 లక్షల మి.మీ.³. జెడ్‌లను తీసివేస్తే 4.11 లక్షలు వస్తుంది. లోపలి జెడ్‌కు వాడిన వై 80, బయటిదానికి 100. వేర్వేరు వైలతో భాగించిన వాటిని ఒకదాంట్లోంచి ఒకటి తీయలేం.

ఇక యూనిట్లు. కిలోన్యూటన్ మీటర్‌ను న్యూటన్ మి.మీ. చేయాలంటే 10⁶తో గుణించాలి, 10³తో కాదు. 5 మీటర్ల స్పాన్, రెండు చివర్లా ఆనిన 230 × 450 మి.మీ. బీమ్, సొంత బరువు 2.6 కలుపుకుని మీటరుకు 12 కిలోన్యూటన్ల లోడు. మూమెంట్ డబ్ల్యూ ఎల్ స్క్వేర్ బై 8 (డబ్ల్యూ మీటరుకు లోడు, ఎల్ స్పాన్), అంటే 12 × 25 ÷ 8 = 37.5 కిలోన్యూటన్ మీటర్లు. జెడ్ 77.6 లక్షల మి.మీ.³. స్ట్రెస్ 4.83 న్యూటన్లు/మి.మీ.². కాంక్రీటుకు మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఎం20 (నొక్కుడు బలం 20 న్యూటన్లు/మి.మీ.²) కాంక్రీటు వంపులో పగిలే హద్దు 0.7√20, అంటే 3.13. ఉత్త కాంక్రీటయితే ఈ బీమ్ పగులుతుంది; అడుగున స్టీలు ఎందుకో ఈ ఒక్క పోలికలో తెలిసిపోతుంది. నల్లగొండ దగ్గర పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో రాతి దూలాలను ఈ కంటితో చూడండి. రాయి కూడా సాగుడుకు ఓర్వదు. అందుకే స్తంభాలు దగ్గరదగ్గరగా, దూలాలు మందంగా ఉంటాయి.

ఈ బై ఆర్ లెక్కల్లో ఒక్కటే జాగ్రత్త: వ్యాసం ఇచ్చి ఊరిస్తారు. 1 మి.మీ. మందం స్టీలు పట్టీని 1 మీటరు వ్యాసమున్న డ్రమ్ముకు చుడితే ఆర్ సుమారు 500, వై 0.5, ఈ 2 × 10⁵. స్ట్రెస్ 200 న్యూటన్లు/మి.మీ.².

ప్రాప్డ్ కాంటిలీవర్ (కొసన కూడా ఒక ఆనింపు ఉన్న కాంటిలీవర్) బుర్రకెక్కకపోతే పాలమూరు పిల్లలమర్రి దగ్గరికి వెళ్లి రండి. మొదలు నుంచి అడ్డంగా చాచిన కొమ్మ ఒక కాంటిలీవర్; సమానంగా పరుచుకున్న బరువుకు మొదట్లో మూమెంట్ డబ్ల్యూ ఎల్ స్క్వేర్ బై 2. కొసన ఊడ దిగి నేలలో గట్టిపడ్డాక, ఆ పైన వచ్చే బరువుకు అదే చోట బై 8, అంటే నాలుగో వంతే.