మోకాలి వెనక పిడుదు

కిందటి జూన్‌లో ఒక శనివారం పెరట్లో గోంగూర మడిలో కలుపు తీసి స్నానానికి వెళ్తే, ఎడమ మోకాలి వెనక ఏదో గరుకుగా తగిలింది. చూస్తే పిడుదు. పెసరగింజంత ఉంది, గోధుమరంగు వీపు మీద తెల్లటి గీతలు. చిన్నప్పుడు మా గేదెల చెవుల్లోంచి ఇలాంటివి ఎన్ని పీకామో! గోళ్లతో పట్టి లాగేసి, సింకులో పడేసి నీళ్లు వదిలాను. ఆ రాత్రికే మర్చిపోయాను.

మేముండేది అమెరికాలో, నార్త్ కరోలినాలోని రాలీ దగ్గర. ఎనిమిదో రోజు ఆఫీసులో ఉండగా చలి మొదలైంది. సాయంత్రానికి జ్వరం 103. జ్వరం కంటే తలనొప్పే ఎక్కువ బాధపెట్టింది, కళ్లు తెరవనిచ్చేది కాదు. పిక్కలు ముట్టుకుంటే ప్రాణం పోయేది. మంచినీళ్లు తాగినా వాంతి. మర్నాడు ఇంటి దగ్గరి క్లినిక్‌లో కోవిడ్, ఫ్లూ టెస్టులు చేసి, రెండూ లేవు, వైరల్ జ్వరం, టైలెనాల్ (ఇక్కడి పారాసెటమాల్) వేసుకోండి అని పంపేశారు. పురుగేమైనా కుట్టిందా అని వాళ్లు అడగలేదు. చెప్పాలని నాకూ తోచలేదు.

జ్వరం మొదలైన నాలుగో రోజు పొద్దున మా ఆవిడ నా మణికట్టు చూసి, "ఏమండీ, ఈ మచ్చలేంటి?" అంది. చామనఛాయ ఒంటి మీద అవి ఎర్రగా కనబడవు. చర్మం కంటే కాస్త ముదురు రంగులో, ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి. చెయ్యి కిటికీ వెలుతురులోకి లాగి వేలితో నొక్కింది. నొక్కితే పోయాయి, వేలు తీయగానే మళ్లీ వచ్చాయి. చీలమండల దగ్గర కూడా అవే. దురద లేదు.

గుంటూరులో మా చెల్లెలు నర్సు. వీడియో కాల్‌లో చూపిస్తే, "అన్నయ్యా, పురుగేమైనా కుట్టిందా? ఇక్కడ స్క్రబ్ టైఫస్ అని పురుగు కుడితే వచ్చే జ్వరం అనుమానం వస్తే ముందు అదే అడుగుతాం" అంది. అప్పుడు గుర్తొచ్చింది పిడుదు.

ఎమర్జెన్సీలో ఆ మాట చెప్పగానే డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. రక్తంలో ప్లేట్‌లెట్లు, సోడియం రెండూ పడిపోయాయి, లివర్ ఎంజైములు పెరిగాయి. రాకీ మౌంటెన్ స్పాటెడ్ ఫీవర్ అయ్యుండొచ్చు అంది. ఆ కొండలెక్కడ, మేమెక్కడ! పేరు అక్కడిదే. 1906లో హోవర్డ్ రికెట్స్ అనే శాస్త్రవేత్త ఈ జబ్బును పిడుదులు మోస్తాయని చూపించింది కూడా ఆ కొండలున్న మోంటానా రాష్ట్రంలోనే. కానీ ఇప్పుడు ఎక్కువ కేసులు వచ్చే రాష్ట్రాల్లో మాదీ ఒకటి.

"యాంటీబాడీ టెస్టుకి పంపిస్తాను, కానీ మొదటి వారంలో అది నెగటివ్ వస్తుంది చాలామందికి. దానికోసం ఆగితే ప్రాణం మీదికొస్తుంది" అని అప్పటికప్పుడే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టింది. 100 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, వాంతులు తగ్గేదాకా నరంలోకి. ఈ సూక్ష్మజీవి రక్తనాళాల లోపలి పొరను పాడుచేస్తుందట. జ్వరం మొదలైన ఐదు రోజుల్లోపే మందు పడాలట. నాకది నాలుగో రోజు. మా చెల్లెలికి మందు పేరు చెప్తే ఏడ్చేసింది. స్క్రబ్ టైఫస్‌కి తన వార్డులో ఇచ్చేదీ అదే. ఈ జ్వరం అనుమానమైతే చిన్నపిల్లలకి కూడా ఇదే ఇస్తారని, పళ్ల రంగు మారుతుందని భయపడి ఆపకూడదని డాక్టరమ్మ మా ఆవిడకి గట్టిగా చెప్పింది.

రెండో రాత్రి దుప్పటి తడిసేలా చెమట పట్టి జ్వరం దిగింది. మూడో రోజు ఇడ్లీ తిన్నాను. మొదటి టెస్టు నెగటివ్ వచ్చింది. మూడు వారాల తర్వాత చేసిన రెండో టెస్టులో యాంటీబాడీలు ఎన్నోరెట్లు పెరిగి కనబడ్డాయి. టెస్టు తేలేదాకా చూద్దామని ఎవరైనా అనుంటే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ కాళ్లు వణుకుతాయి. నెలరోజులు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది.

ఇప్పుడు పెరట్లోంచి రాగానే పిల్లల చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ల వెనక టార్చి వేసి చూస్తాం. ఈ మే నెలలో చిన్నదాని మెడ మీద ఒకటి దొరికింది. ట్వీజర్స్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిటారుగా లాగి, జిప్ కవర్లో పెట్టి తేదీ రాశాను. పన్నెండు రోజులు పొద్దునా సాయంత్రం థర్మామీటర్ పెట్టి చూశాం. జ్వరం రాలేదు.