మెదక్ చర్చికి, మనసు బరువెక్కినప్పుడు

మెదక్ చర్చి చూడాలంటే క్రిస్మస్‌కే చూడాలంటారు అందరూ. ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉన్నవాళ్లకీ, ఈమధ్యే ఎవరినో మట్టి చేసి వచ్చినవాళ్లకీ మేం ఆ మాట చెప్పం. ఆ రోజు జనం వేలల్లో వస్తారు. బండ్లు దూరంగానే ఆపేస్తారు, నడవాలి. లోపల నిలబడి రెండు నిమిషాలు కళ్లు మూసుకునే వీలుండదు. వాళ్లు మామూలు రోజు, అదీ పొద్దున్నే వెళ్తే మంచిది.

హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్ల లోపే. బాలానగర్, నర్సాపూర్ మీదుగా బస్సులో రెండున్నర, మూడు గంటలు పడుతుంది. జబ్బు మనిషి వెంట ఉంటే మందుల పూటలు లెక్కేసుకుని బయల్దేరండి. నమ్మకంతో వెళ్తున్నాం కదా అని ఆ ఒక్కరోజుకి గోళీలు మానేసేవాళ్లున్నారు. షుగరు మనిషి ఉపవాసంతో కూర్చుంటే ప్రార్థన సగంలోనే కళ్లు తిరుగుతాయి. అలా మానమని ఏ పాస్టరుగారూ చెప్పరు.

ఊరు దగ్గరపడుతుంటే ముందు గోపురం కనిపిస్తుంది, 175 అడుగుల ఎత్తు. లోపల 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. ఇంత పెద్ద కట్టడం ఈ ఊళ్లోకి ఎలా వచ్చిందో తెలుసుకుని అడుగుపెడితే చూపు మారుతుంది. వెస్లియన్ మెథడిస్టు అనే ప్రొటెస్టెంటు శాఖ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో పని మొదలుపెట్టించారు. అవి మొదటి ప్రపంచయుద్ధం రోజులు, కరువు రోజులు. చుట్టుపక్కల పల్లెలవాళ్లు ఇక్కడ కూలి చేసి ఇంటిల్లిపాదికీ ఇంత తిండి సంపాదించుకున్నారు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. గోడ లేచినంత మాత్రాన వానలు పడలేదు, ఆ పూట మాత్రం పొయ్యి వెలిగింది. ఇక్కడికి కష్టంతో వచ్చేవాళ్లకి మేం ముందు చూపించేది ఆ రాళ్లనే, కిటికీలు ఆ తర్వాతే.

కిటికీల సంగతి తీరిగ్గా చెప్పాలి. రంగు అద్దాల కిటికీలు మూడు: బలిపీఠం వెనక క్రీస్తు ఆరోహణం, అంటే పరలోకానికి ఎక్కిపోవడం; చెరో పక్కకి చాచినట్టుండే రెక్కల్లో జననం, శిలువ. వీటిలో ముందు పెట్టింది ఆరోహణం, 1927లో. జననం 1947లో వచ్చింది, శిలువ 1958లో. వాటి వెలుగంతా బయటి ఎండదే. రాత్రిపూట లోపలినుంచి చూస్తే నల్లటి పలకల్లా ఉంటాయి. రెక్కలు తూర్పు పడమరలకి ఉండడంతో పొద్దున ఒకటి బాగా తేలితే సాయంత్రం రెండోది తేలుతుంది. మధ్యాహ్నం హడావిడిగా వచ్చి, ఫొటోల్లో చూసినంత లేదే అని వెళ్లిపోయేవాళ్లు ఎక్కువ. క్రిస్మస్‌నాడే వెళ్లేవాళ్లు తెల్లవారకముందే మొదటి ఆరాధనకి కూర్చుంటే అద్దాల్లో ఏమీ కనబడదు. పాటలు, వాక్యం నడుస్తుండగానే ఒక్కో రంగూ బయటపడుతుంది. ఆరాధన అయిపోగానే లేచి పరుగెత్తకండి, పొద్దెక్కేదాకా ఉండండి.

ప్రార్థనకి మాటలు రాకపోవడం చాలామందికి ఎదురయ్యేదే. గొంతు పూడుకుపోతుంది. అప్పుడు బైబిల్లో 130వ కీర్తన తియ్యండి. ఎనిమిదే వచనాలు. ‘అగాధస్థలములలోనుండి’ మొరపెట్టడంతో మొదలవుతుంది. మధ్యలో కావలివాళ్లు ఉదయం కోసం కనిపెట్టుకున్నట్టు కనిపెట్టడం ఉంది. కష్టం తీరిందని మాత్రం ఎక్కడా లేదు. అందుకే అది నోటికి అబద్ధంలా తగలదు. నెమ్మదిగా, పెదాలు కదిలేలా, రెండుసార్లు చదవండి. పక్కవాళ్లలా పెద్దగా ప్రార్థించాలని ఏమీ లేదు.

తోడు వెళ్లేవాళ్లకి అసలు జాగ్రత్త కావాలి. ‘అంతా మన మంచికే’, ‘నీ విశ్వాసం గట్టిగా ఉంటే ఇలా అయ్యేది కాదు’ లాంటి మాటలు దారిలోనే మానుకోండి. రెండోది మంచిమాట కానే కాదు, నేరం మోపడం. చనిపోయిన లాజరును బతికించి లేపబోతున్నానని తెలిసీ యేసు ఆ సమాధి దగ్గరికి వెళ్లేముందు కన్నీళ్లు విడిచాడని యోహాను సువార్త పదకొండో అధ్యాయంలో ఉంది. అలాంటప్పుడు మనం ‘ఏడవకమ్మా’ అనడం దేనికి? నీళ్ల సీసా, తుండుగుడ్డ పట్టుకుని పక్కన కూర్చుంటే చాలు.

ఇక చిన్నచిన్నవి. చెప్పులు బయట వదలాలి, పండగ రోజుల్లో అవి దొరకవు. సంచిలో వేసి వెంట ఉంచుకోండి. డిసెంబర్‌లో తెల్లవారుజామున చలి గట్టిగా ఉంటుంది, ముసలివాళ్లకి స్వెటర్‌తో పాటు మేజోళ్లు కూడా కావాలి. ప్రార్థన చేయమని పాస్టరుగారిని అడగాలంటే ఆరాధన ముగిసిన వెంటనే చుట్టుముట్టకండి, కాసేపు ఆగితే తీరిగ్గా వింటారు. రోగి పేరు, ఉన్న ఇబ్బంది రెండు ముక్కల్లో చెబితే చాలు. రిపోర్టులన్నీ పరిచే పనిలేదు. మొక్కు ఉన్నవాళ్లు కానుక వేసి వెళ్లొచ్చు, లేనివాళ్లు వేయకపోయినా అడిగేవాళ్లెవరూ ఉండరు. తిరుగు బస్సు చివరిది ఎన్నింటికో దిగగానే బస్టాండులోనే కనుక్కోండి. పండగ రోజుల్లో సాయంత్రం బస్సులు కిటకిటలాడతాయి, జబ్బు మనిషితో అయితే మధ్యాహ్నం రెండు లోపే ఎక్కేయడం నయం.