నాటికిప్పుడె...

"బ్రతికినన్నాళ్ళు నీ భజన తప్పను గాని, మరణకాలమునందు మరతునేమో" అంటాడు ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకంలో. చిన్నప్పుడు బట్టీ పట్టిన పద్యాల్లో వయసు పైబడ్డాక నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఇదే.

ముసలితనం మీద ధూర్జటీ గొప్ప పద్యం చెప్పాడు. "దంతంబుల్ పడనప్పుడే", జుట్టు నెరవకముందే శివుణ్ణి తలచుకోవాలంటాడు శ్రీకాళహస్తీశ్వర శతకంలో. పాతికేళ్ళవాడికి మంచి మాటే. రాత్రి పళ్ళ సెట్టు తీసి గ్లాసులో వేసుకునేవాళ్ళకి మాత్రం గడువు దాటాక అందిన నోటీసులా ఉంటుంది! శేషప్ప ఎవర్నీ మందలించడు. తన భయం తను చెప్పుకుంటాడు. కఫవాతపైత్యాలు కమ్మేసి ఒళ్ళు వణుకుతుంటే నారాయణా అని "పిలుతునో, శ్రమచేత పిలువలేనో" అంటాడు.

అంత్యకాలంలో నన్ను తలచినవాడు నన్నే చేరతాడని గీత ఎనిమిదో అధ్యాయంలో ఉంది కదా. అది విన్న భక్తులందరికీ ఈ టెన్షన్ ఉన్నట్టుంది. గొంతు పూడుకుపోయే వేళ నీ స్మరణ ఎక్కడిది కృష్ణా అని విష్ణుభక్తుడు కులశేఖరుడు తన సంస్కృత స్తోత్రం ముకుందమాలలో దిగులుపడ్డాడు. అందుకే నా మనసనే హంసని ఇవాళే నీ పాదాల పంజరంలోకి రానీ అన్నాడు. మన శేషప్పదీ అదే దారి: "నాటికిప్పుడె చేతు నీ నామభజన."

మా పెద్దమ్మకి మతిమరుపు. పొద్దున బీపీ మాత్ర వేసుకుందో లేదో చెప్పలేదు, కూతుర్ని చెల్లెలి పేరు పెట్టి పిలుస్తుంది. పక్కన కూర్చుని ఈ పద్యం ఎత్తుకుంటే సీసపాదాలు నడుస్తున్నంతసేపూ పెదవులు కదులుతాయి గానీ మాట రాదు. మకుటం దగ్గరికి రాగానే తనే అందుకుంటుంది. "భూషణవికాస! శ్రీధర్మపురనివాస! దుష్టసంహార! నరసింహ! దురితదూర!" ఒక్క అక్షరం పొల్లుపోదు. శతకంలో ప్రతి పద్యం చివరా అదే మకుటం. పద్యం మారినా ఆ పిలుపు మారదు కాబట్టి, చిన్నప్పుడు ఎన్ని పద్యాలు చదివితే అన్నిసార్లు అది నోట్లో నలిగి ఉంటుంది.

మరి ఆ మకుటం కూడా రాని రోజొస్తే? దానికి వరాహ చరమశ్లోకం, అంటే వరాహావతారంలో విష్ణువు భక్తులకిచ్చిన మాట, చూడాలి. ఒళ్ళూ మనసూ బాగున్నప్పుడు నన్ను తలచినవాడు చివర్లో కట్టెలా, రాయిలా పడి ఉంటే "అహం స్మరామి మద్భక్తం" అంటాడు స్వామి. అప్పుడు నా భక్తుణ్ణి నేనే తలచుకుంటాను, నేనే తీసుకెళ్తాను అని. శేషప్ప ప్రశ్నకి ఇంత సూటి జవాబు నాకు ఇంకెక్కడా కనబడలేదు.