మడత కుర్చీలు

వేరే భాష మాట్లాడే ఈ ఊరికి ఇల్లు మారి పదిహేను నెలలైంది. మొదట్లో ఎవరు ఫోన్ చేసి అడిగినా "బాగానే ఉందండీ, నెమ్మదిగా అలవాటవుతోంది" అనేదాన్ని. అలవాటూ లేదు, ఏమీ లేదు. లిఫ్టులో ఎదురైనవాళ్ళను చూసి నవ్వడం, వాళ్ళూ నవ్వితే చిన్న సంతోషం, తలుపు తెరుచుకోగానే ఎవరి దారి వాళ్ళది. ఆఫీసు పని ఇంటి నుంచే కాబట్టి కొన్ని రోజులు పొద్దుట్నుంచీ నోరు విప్పే పనే ఉండేది కాదు, సాయంత్రం అమ్మకు ఫోన్ చేస్తే మొదటి మాట బొంగురుగా వచ్చేది, "జలుబు చేసిందా?" అని అడిగేది. ఔననేదాన్ని.

సంగతి నాకు పూర్తిగా బోధపడింది మాత్రం తాళంచెవి దగ్గర. ఒకరోజు చెత్త పడేయడానికి బయటికొస్తే వెనకాల తలుపు పడిపోయింది. ఫోను లోపల, చెప్పులు లోపల. కిందికి దిగి ఎవరినో బతిమాలి ఫోన్ తీసుకుని తాళాలు తీసే అతన్ని పిలిపించాను. పని అయ్యాక అతను "ఇంకో తాళంచెవి పక్కింట్లో ఇచ్చి పెట్టుకోండి మేడమ్" అని మామూలుగా ఓ సలహా ఇచ్చి వెళ్ళిపోయాడు. ఏ పక్కింట్లో? మా అంతస్తులో నాది కాక మూడు తలుపులున్నాయి. ఒక్క తలుపు వెనకున్న మనిషి పేరు కూడా నాకు తెలీదు.

ఆ రాత్రే కూర్చుని మనవాళ్ళ కోసం వెతకడం మొదలుపెట్టాను. మనవాళ్ళంటే తెలుగువాళ్ళు అని. ఒక వాట్సాప్ గ్రూపులో చేరాను, అందులో రెండొందల మందికి పైనే ఉన్నారు, పొద్దున్నే పువ్వుల బొమ్మలు, రాత్రి పువ్వుల బొమ్మలు, మధ్యలో ఇల్లు అద్దెకు కావాలని ఒకరు. నెలకోసారి అందరూ కలుస్తారంటే వెళ్ళాను. పెద్ద హాలు, బోలెడు జనం, అన్ని వైపుల నుంచీ నా భాషే వినిపిస్తోంది. నాకు మాత్రం మాట్లాడ్డానికి మనిషి లేదు. వాళ్ళంతా ఎప్పట్నుంచో తెలిసినవాళ్ళు, గుంపులు గుంపులుగా నిలబడి పోయినేడాది ముచ్చట్లు చెప్పుకుని నవ్వుకుంటున్నారు. "ఎక్కడుంటారు, ఏం చేస్తారు" అని ఇద్దరు ముగ్గురు మర్యాదగా అడిగారు, నేను చెప్పాను, అక్కడితో సరి. పరాయి భాష మధ్య ఒంటరిగా ఉంటే భాష తెలీకపోవడం వల్ల అని సర్దిచెప్పుకోవచ్చు, సొంత భాష మధ్య ఒంటరిగా ఉంటే ఆ సాకు కూడా ఉండదు. ఇంటికొచ్చి ఏడ్చాను, దాచడం ఎందుకు.

ఈ బెంగకు మందు వెతికిన వాళ్ళు చాలామందే ఉన్నారు. 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి, ఊరు వదిలి దూరం వెళ్ళిన స్విట్జర్లాండ్ వాళ్ళకు పట్టుకునే దిగులు గురించి రాస్తూ నోస్టాల్జియా అనే మాట పుట్టించాడు. గ్రీకులో నోస్టోస్ అంటే ఇంటికి తిరిగి రావడం, ఆల్గోస్ అంటే నొప్పి. ఆయన దాన్ని నిజంగానే ఒక జబ్బు కింద లెక్కవేశాడు, తిరిగి ఇంటికి పంపించడమే దానికి అసలైన వైద్యం అన్నాడు. చదివి నవ్వొచ్చింది కానీ, ఆ రోజుల్లో నన్ను ఎవరైనా పంపిస్తామంటే వెళ్ళిపోయేదాన్నే.

తర్వాతి మూడు నెలలు నేను చేసిన తప్పు ఒకటుంది, అది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తగా వచ్చిన చాలామంది అదే చేస్తున్నారు. దొరికిన ప్రతి చోటికీ ఒక్కసారి వెళ్ళి చూడటం. ఒక వారం యోగా, ఇంకో వారం బొమ్మలు వేసే క్లాసు, ఇంకో వారం ఎవరో పెట్టిన పాటల గుంపు. వెళ్ళడం, ఓ మూల నిలబడటం, "వీళ్ళు మనకు సెట్ కారులే" అని తేల్చేసి రావడం. పెళ్ళిచూపుల్లాగా అన్నమాట, మొదటి అరగంటలోనే అంతా తెలిసిపోవాలి నాకు. తర్వాత 2018లో వచ్చిన ఓ అధ్యయనం గురించి చదివి తల పట్టుకున్నాను. కాన్సస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే ప్రొఫెసర్ కొత్తచోటికి మారినవాళ్ళనూ, కాలేజీలో కొత్తగా చేరినవాళ్ళనూ అడిగి లెక్కగట్టాడు. ముఖపరిచయం కాస్త స్నేహంలాంటిది కావడానికి ఇద్దరూ కలిసి గడిపే కాలం సుమారు 50 గంటలు, స్నేహితులు అనుకోవడానికి 90, దగ్గరి స్నేహితులు కావాలంటే 200 గంటల పైనే. వారానికి రెండు గంటలు కలిస్తే 50 గంటలకే ఆరు నెలలు పడుతుంది. నేనేమో ఒక్కో చోట గంటన్నర ఉండి ఫలితాలు ప్రకటించేస్తున్నాను!

అప్పుడు ఒక్కటి పట్టుకున్నాను. ఆదివారం సాయంత్రాలు లైబ్రరీలోని చిన్న గదిలో ఓ పది పన్నెండు మంది చేరి కథలు పైకి చదువుకుంటారు, తెలుగువి. ఒకరు చదువుతారు, మిగతావాళ్ళు వింటారు, తర్వాత కాసేపు వాదించుకుంటారు. నచ్చినా నచ్చకపోయినా పది వారాలు వెళ్ళాలని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. మొదటి మూడు వారాలు సరిగ్గా ఆ పెద్ద హాల్లో ఉన్నట్టే ఉంది. నాలుగో వారం కాస్త ముందే వెళ్ళిపోయాను, బస్సు తొందరగా దొరికింది అంతే. లోపల ఓ పెద్దాయన ఒక్కరే గోడవారనున్న మడత కుర్చీలు విప్పి వేస్తున్నారు. నన్ను చూసి, పలకరింపు లేదు ఏమీ లేదు, "ఏమ్మా, ఆ పక్కనున్నవి నువ్వు వెయ్యి, నా నడుము పట్టేసింది" అన్నారు.

నాకు కలిగిన ఆనందం చెప్తే నవ్వుతారు. ఆ ఊరొచ్చాక నాకు ఎవరైనా పని చెప్పడం అదే మొదటిసారి. అప్పటిదాకా అందరూ "కూర్చోండి, కూర్చోండి" అన్నవాళ్ళే, మర్యాదగా, అతిథిని చూసినట్టు చూసినవాళ్ళే. అతిథికి పని చెప్పరు కదా. ఆ తర్వాతి వారం కావాలనే ముందు వెళ్ళాను. కుర్చీలు వేస్తూ మాట్లాడుకోవడం చాలా సుఖం, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఇబ్బంది పడక్కర్లేదు, మాట ఆగిపోతే కుర్చీ శబ్దం ఉంటుంది. ఏ కుర్చీకి కాలు వదులైందో నాకిప్పుడు కంఠతా వచ్చు.

ఒక వారం జ్వరమొచ్చి వెళ్ళలేదు. మర్నాడు సాయంత్రం ఫోన్. "ఏమ్మా, నిన్న రాలేదేం? కుర్చీలన్నీ నేనే వేసుకోవాల్సొచ్చింది" అని ఆయన దెబ్బలాడారు. నేను రాలేదని ఈ ఊళ్ళో ఒకరికి తెలిసింది.

ఇక్కడ ఇంకో అధ్యయనం గుర్తొస్తుంది, 1992 నాటిది. మోర్లాండ్, బీచ్ అనే ఇద్దరు పరిశోధకులు చూడ్డానికి ఇంచుమించు ఒకేలా ఉండే నలుగురమ్మాయిలను ఒక క్లాసు కోసం ఎంచుకున్నారు. ఒకామె అసలు వెళ్ళలేదు, మిగతా ముగ్గురూ 5, 10, 15 సార్లు వెళ్ళి ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని వచ్చేశారు. చివర్లో ఫొటోలు చూపించి అడిగితే, ఎక్కువసార్లు వచ్చినామె మీదే విద్యార్థులకు ఎక్కువ ఇష్టం కనిపించింది. ఒక్క మాట కూడా మాట్లాడకుండానే! నాలాంటి మాటలు రానివాళ్ళకు ఇది ఎంత ధైర్యమో.

ఇంటికొచ్చాక మంచమ్మీద పడుకుని "ఆ మాట అనకుండా ఉండాల్సింది, వాళ్ళేమనుకున్నారో" అని పొర్లే అలవాటు నాకుంది. దాని మీద కూడా ఎరికా బూత్‌బీ బృందం 2018లో ఒక పరిశోధన చేసింది. కొత్తవాళ్ళతో మాట్లాడాక అవతలివాళ్ళకు మనం ఎంత నచ్చామో మనం తక్కువగానే అంచనా వేసుకుంటామట. అది చదివాక పొర్లడం తగ్గలేదు కానీ, పొర్లుతూనే నిద్రపోతున్నాను.

ఇదంతా మన భాషవాళ్ళ సంగతి. అక్కడితో ఆగిపోదామని చూశాను, నిజం చెప్పాలంటే. వారమంతా తలొంచుకుని, ఆదివారం మాత్రం మనిషినై బతికేద్దామని. కానీ తాళంచెవి ఆదివారం దాకా ఆగదు కదా, లైబ్రరీ అరగంట దూరం. ఈ వీధి మనుషులూ కావాలి, వాళ్ళ భాషేమో నాకు సగమే వచ్చు. 1950లో ఫెస్టింగర్, షాక్టర్, బ్యాక్ అనే ముగ్గురు ఒక విద్యార్థుల నివాస సముదాయం మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. మెట్ల దగ్గరా ఉత్తరాల పెట్టెల దగ్గరా ఇళ్ళున్నవాళ్ళకు స్నేహాలు ఎక్కువట, వాళ్ళేదో కలివిడి మనుషులని కాదు, అందరూ అటే నడుస్తారు కాబట్టి. మా ఇల్లు ఓ మూలకుంది. కాబట్టి నేనే మెట్ల దగ్గరికెళ్ళాను. పొద్దున ఆరున్నరకు కింద నలుగురైదుగురు ఆడవాళ్ళు నడకకు వెళ్ళేవాళ్ళు, ఓ రోజు వెనకాల నడిచాను, మూడో రోజు పక్కన నడిచాను. వాళ్ళ మాటలు మొదట్లో వర్షంలా పడిపోయేవి, తర్వాత మెల్లగా కొన్ని మాటలు పట్టుబడ్డాయి. నేను తప్పు మాట్లాడితే వాళ్ళు పగలబడి నవ్వుతారు, సరిదిద్దుతారు, మళ్ళీ నవ్వుతారు. మొదట్లో చిన్నతనంగా ఉండేది, ఇప్పుడు కొన్ని తప్పులు వాళ్ళ సరదా కోసం అలాగే ఉంచేశాను. మా ఎదురింటావిడ ఆ నలుగురిలో ఒకరే అని వారం తర్వాత తెలిసింది. ఎదురెదురు తలుపులు, ఎనిమిది నెలలు!

తాళంచెవి ఇప్పుడు ఆవిడ దగ్గరే ఉంది. ఆవిడది నా దగ్గరుంది, దాని మీద ఓ ఎర్రదారం కట్టి ఇచ్చింది.

నిన్న పొద్దున నడకలో ఆవిడ ఏదో జోకేసింది. మామూలుగా అందరూ నవ్వాక రెండు క్షణాలకు నేను నవ్వుతాను, నిన్న మాత్రం అందరితోపాటే నవ్వేశాను. సగమే అర్థమైంది, అది వేరే సంగతి.