పాత సిస్టమ్‌కి లినక్స్ మింట్: నా అనుభవం

విండోస్ 10కి ఉచిత సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగింది. 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి పైవే. కోనసీమలో రొయ్యల మేత కొట్లలోనూ జిరాక్స్ సెంటర్లలోనూ నాలుగో తరం, ఆరో తరం సిస్టమ్‌లు ఇంకా శుభ్రంగా తిరుగుతున్నాయి. బిల్లులు కొట్టి, మెయిల్ చూసుకునే పనికి అవి ఎక్కువే. వాటిని తుక్కుకి వేయమనడం నా దృష్టిలో ఇంజనీరింగ్ కాదు, వ్యాపారం. అందుకే నేను విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ 22 వేస్తున్నాను. ఉబుంటు 24.04 అనే ఇంకో లినక్స్ మీద కట్టిందే కాబట్టి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి.

ముందు సీపీయూ డబ్బా మూత తీయాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు సిస్టమ్‌లకి ఇది మరీ ముఖ్యం. ఉప్పుగాలికి ర్యామ్ పసుపు కాంటాక్టుల మీద సన్నటి మరక పడుతుంది. విండోస్ అప్పుడప్పుడు హ్యాంగ్ అవుతూ ఎలాగో నెట్టుకొస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ వేసే ఇన్‌స్టాలర్ మాత్రం ఫైళ్లు విప్పుతూ సగంలో ఆగిపోతుంది, అందరూ పెన్‌డ్రైవ్‌ని తిడతారు. ర్యామ్ బయటికి తీసి పెన్సిల్ రబ్బరుతో రెండు వైపులా మెల్లగా రుద్ది, పొడి దులిపి, క్లిప్పు టక్కుమనేదాకా నొక్కాలి. తర్వాత కూడా అనుమానంగా ఉంటే పెన్‌డ్రైవ్ మెనూలోనే మెమరీ టెస్ట్ ఉంటుంది. ఒక్క ఎర్ర గీత వచ్చినా ఆ ర్యామ్ మార్చాల్సిందే.

పాత హార్డ్‌డిస్కు మీదే లినక్స్ వేసి "స్పీడు రాలేదండీ" అంటే ఏం చెప్పను? 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ వేయండి, పాతదాన్ని ఫోటోలకీ బ్యాకప్‌కీ ఉంచండి. ర్యామ్ 4 జీబీ ఉంటే మింట్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్, 8 ఉంటే సినమన్.

మింట్ ఇన్‌స్టాల్ చేసే ఐఎస్‌ఓ ఫైలు సుమారు 3 జీబీ, 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. డౌన్‌లోడ్ అయ్యాక షా-256, అంటే ఫైలు చెడలేదని తేల్చే కోడ్, మింట్ సైట్లో ఇచ్చినదానితో సరిచూడండి. మధ్యలో నెట్ తెగితే ఫైలు పైకి బాగానే కనిపిస్తుంది, లోపల చెడి ఉంటుంది. ఆ ఫైలుని రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి రాసేటప్పుడు పార్టిషన్ పద్ధతి అడుగుతుంది: యూఈఎఫ్‌ఐ (కొత్త రకం బయోస్) ఉన్న సిస్టమ్‌కి జీపీటీ, అంతకన్నా పాతదానికి ఎంబీఆర్. బూట్ మెనూకి డెల్‌లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. ఇన్‌స్టాల్ నొక్కకుండా ముందు లైవ్‌లోనే, అంటే పెన్‌డ్రైవ్ నుంచే మింట్ నడిపి, వైఫై, సౌండు, ప్రింటర్ చూసుకోండి. వైఫై రాకపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టి, డ్రైవర్ మేనేజర్ తెరిస్తే చాలాసార్లు డ్రైవర్ అదే పట్టుకుంటుంది. యూపీఎస్ లేకుండా మాత్రం మొదలెట్టకండి. పార్టిషన్లు మార్చే సమయంలో కరెంటు పోతే ఉన్న డేటా కూడా పోతుంది.

లెక్కలకి టాలీ సాఫ్ట్‌వేర్ ఉన్నచోట విండోస్ పూర్తిగా తీసేయను, రెండూ ఉంచుతాను. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపాలి, లేకపోతే ఆ డ్రైవ్ లినక్స్‌లో చదవడానికే తెరుచుకుంటుంది, రాయనివ్వదు. డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే ముందే తీసేయాలి. రెండింటి మధ్యా మారినప్పుడు గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు తేడా చూపిస్తే బ్యాటరీ సెల్లు మార్చకండి. లినక్స్ గడియారాన్ని గ్రీన్‌విచ్ టైములో ఉంచుతుంది, విండోస్ మన టైములో. లినక్స్‌ని లోకల్ టైముకి మార్చితే సరి.

తెలుగు టైపింగ్‌కి ఐబస్, ఎం17ఎన్ అనే ప్యాకేజీలు వేస్తే ఇన్‌స్క్రిప్ట్, యాపిల్, ఆర్‌టీఎస్ కీబోర్డులు మూడూ వస్తాయి.

అసలు చిక్కు ప్రింటర్లతోనూ వేలిముద్ర మిషన్లతోనూ. చవక లేజర్ ప్రింటర్లు కొన్నింటికి సొంత బుర్ర ఉండదు, పేజీని చుక్కలుగా మార్చే పనంతా విండోస్ డ్రైవరే చేస్తుంది. కంపెనీ లినక్స్ డ్రైవర్ ఇవ్వకపోతే అది మొండికేస్తుంది. పోస్ట్‌స్క్రిప్ట్ లేదా పీసీఎల్ అనే ప్రింటర్ భాషలు అర్థమయ్యే ప్రింటర్ అయితే ఆ గొడవే లేదు. కొనేముందు డబ్బా మీద ఆ మాట ఉందో లేదో చూడండి.

వేలిముద్ర మిషన్ సంగతి మాత్రం రాజకీయమే అంటాను. ఆధార్ మిషన్లకి సర్టిఫికెట్ ఇచ్చేది ప్రభుత్వ సంస్థే. నాకు తగిలినవాటి ఆర్‌డీ సర్వీసు, అంటే ఆ మిషన్‌ని ఆధార్ పనికి నడిపే సాఫ్ట్‌వేర్, విండోస్‌కీ ఆండ్రాయిడ్‌కీ తప్ప లేదు. "లినక్స్ డ్రైవర్ కూడా ఇవ్వాలి" అని నిబంధనల్లో ఒక్క ముక్క చేరిస్తే కంపెనీలు చచ్చినట్టు ఇస్తాయి. ఓపెన్ సోర్స్‌కే మొగ్గు చూపాలని కేంద్రం 2015లోనే పాలసీ తెచ్చింది. కేరళ అయితే బళ్లలోకే లినక్స్ తెచ్చి ఏళ్ల తరబడి నడుపుతోంది. మన దగ్గర ఆ పని జరగనిది డబ్బు లేక కాదు, అడిగేవాడు లేక. సోర్స్ కోడ్ గురించి ఊరేగింపు తీస్తే ఎవరు ఓటేస్తారు చెప్పండి.

అందాకా ఆ మిషన్‌ని ఓటీజీ కేబుల్‌తో ఆండ్రాయిడ్ ఫోన్‌కి తగిలించండి. ఆర్‌డీ సర్వీసు యాప్ ప్లే స్టోర్ నుంచే వేసుకుని, మిషన్ రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడు అయిపోతుందో రాసి పెట్టుకోండి. గడువు దాటితే ఫోన్‌లోనైనా పని చేయదు.