థైరాయిడ్ కుదిరింది, పొట్ట తగ్గలేదు

పగలు అందరికీ ఉక్కపోస్తుంటే నాకు చలి. రాత్రయితే ఉన్నట్టుండి మెడ దగ్గర మొదలై ముఖమంతా ఆవిర్లు, ఆ వెంటనే చెమట. 46 ఏళ్లకు నా ఒళ్లే నాకు అర్థం కాలేదు. నెలసరి ఒకసారి మూడు వారాలకే వచ్చేది, ఒక్కోసారి రెండు నెలలైనా జాడ ఉండేది కాదు. పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు, వేలికున్న ఉంగరం తిరిగేది కాదు. పొట్ట మాత్రం రోజురోజుకీ ముందుకొస్తోంది. ఎవరికి చెప్పుకున్నా “వయసు” అన్నారు. అంతకంటే చిరాకు తెప్పించే మాట ఇంకోటి లేదు.

రక్తపరీక్షలో టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌ని పనిచేయమని మెదడు కింది పిట్యుటరీ గ్రంథి పంపే హార్మోన్, 14, బాగా ఎక్కువ. థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ ఫ్రీ టీ4 తక్కువ. పిట్యుటరీ గొంతు చించుకుని పిలుస్తున్నా థైరాయిడ్ పలకట్లేదన్నమాట. చలి, మలబద్ధకం, ఉబ్బు దాని పని. ఆవిర్లు, తప్పిన నెలసరి పెరిమెనోపాజ్‌వి, అంటే నెలసరి పూర్తిగా ఆగిపోయే ముందు దశవి. రెండూ ఒకేసారి మీదపడ్డాయి.

థైరాయిడ్ హార్మోన్ మాత్ర లెవోథైరాక్సిన్ పరగడుపున వేసుకుని అరగంట, గంట దాకా ఏమీ తినేదాన్ని కాదు. కాల్షియం మాత్రకు నాలుగు గంటల ఎడం పాటించాను. కొన్ని వారాలకు ఉబ్బు దిగింది, మలబద్ధకం పోయింది, బరువూ కాస్త తగ్గింది. నడుము కొలత మాత్రం అంగుళం కూడా కదల్లేదు.

“థైరాయిడ్ వల్ల పెరిగే బరువులో ఎక్కువ భాగం ఉప్పూ నీరే, అది పోయిందిగా” అన్నారు డాక్టరమ్మ. ఈ దశలో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గేకొద్దీ తొడలు, పిరుదుల దగ్గర చేరాల్సిన కొవ్వు పొట్ట లోపల, పేగుల చుట్టూ చేరుతుందట. ఇన్సులిన్‌కి అడ్డుపడేది ఎక్కువగా ఆ కొవ్వే. నలభై దాటితే మెటబాలిజం పడిపోతుందని నేనూ నమ్మేదాన్ని. కానీ 2021లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనం ప్రకారం, ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ల దాకా శరీరం ఖర్చుచేసే శక్తి దాదాపు నిలకడగానే ఉంటుంది. తగ్గేది కండ, కదలిక. వాటికి తోడు నిద్ర. ఆవిర్లతో తెల్లవార్లూ మేలుకున్న మర్నాడు నా ఆకలికి హద్దుండేది కాదు.

ఆవిర్లకు హార్మోన్ చికిత్స ఇచ్చారు. ముందు రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం వంటి చరిత్ర ఉందేమో గుచ్చి గుచ్చి అడిగారు. గర్భసంచి ఉంది కాబట్టి దాని లోపలి పొరను కాపాడేందుకు ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టెరాన్ అనే ఇంకో హార్మోన్ కూడా. ఇది బరువు తగ్గించే మందు కాదని ముందే చెప్పేశారు. నాకు కావాల్సింది నిద్ర, అది దొరికింది.

తర్వాత కండ సంగతి చూశాను. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, గోడకు పుషప్‌లు, ఆపైన డంబెల్స్. మొదట్లో మోకాళ్లు వణికేవి. నెలలు గడిచాక తూకం దాదాపు అక్కడే ఉన్నా నడుము వదులైంది.

థైరాయిడ్ డోసు ఇంకొంచెం పెంచితే త్వరగా సన్నబడతానేమోనని ఒకసారి అడిగి చూశాను. డాక్టరమ్మ ససేమిరా అన్నారు. అవసరానికి మించి వేసుకుంటే గుండె దడ, పైగా ఈ వయసులో ఎముకలు గుల్లబారతాయట. టీఎస్‌హెచ్ పరిధిలోనే ఉంది, అదే డోసు వేసుకుంటున్నాను.